లేవలేని పిల్లలకు వైద్యం
(వార్షిక సర్వసభ్య సమావేశంలో మన ఆరోగ్య విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సభలో ఆరోగ్య విభాగం వాళ్లం లెక్కలు చదువుతాం. ఎన్ని శిబిరాలు పెట్టాం, ఎంతమందికి షుగరు, బీపీ చూశాం, ఎన్ని కళ్లజోళ్లు ఇచ్చాం అనే ఆ లెక్కలు ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. దయచేసి అక్కడ చూసుకోండి. ఈసారి మాకిచ్చిన సమయాన్ని మన శిబిరాల తీరుకు అందని ఒక రకం పిల్లల కోసం వాడుకుంటాం.

వీళ్ల వయసు పన్నెండు నుంచి ఇరవై లోపు. ఏదో ఒక జ్వరం వస్తుంది. డెంగీ కావచ్చు, చికున్‌గున్యా కావచ్చు, టైఫాయిడో కోవిడో కావచ్చు, ఎవరికీ గుర్తులేని గొంతునొప్పి కూడా కావచ్చు. జ్వరం వారం పది రోజుల్లో పోతుంది. పిల్ల మాత్రం కోలుకోదు. ఒకరోజు కాలేజీకి వెళ్తే రెండు రోజులు మంచం మీదే ఉంటుంది. పది గంటలు పడుకున్నా కన్నే మూయనట్టు లేస్తుంది. ఒక పేజీ చదివేసరికి మొదటి లైను మరిచిపోతుంది. నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఇంట్లోవాళ్లు రక్తపరీక్షలు చేయిస్తారు, స్కానింగులు చేయిస్తారు. అన్నీ నార్మల్ అని వస్తాయి.

ఆ ‘నార్మల్’ అనే మాట దగ్గరే ఇంట్లో పరిస్థితి తిరగబడుతుంది. అంతవరకూ జాలిపడినవాళ్లే బద్ధకం అంటారు, ఫోను పిచ్చి అంటారు, చదువు ఎగ్గొట్టే వేషాలు అంటారు. నజర్ తగిలిందని ఒకరు తాయెత్తు కట్టిస్తారు. ఇంకొకరు బలం ఇంజెక్షన్లు చేయించి సెలైన్ ఎక్కిస్తారు. ఆడపిల్లయితే పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుందని సంబంధాలు చూడటం మొదలవుతుంది. మగపిల్లవాడైతే వీడికి చదువు అబ్బదని మెకానిక్ షాపులో పెడతారు. అక్కడ వాడు నాలుగు రోజులు కూడా నిలవలేడు. ఐదో రోజు నుంచి వాడికి సోమరి అనే ముద్ర శాశ్వతం.

ఈ జబ్బుకు పేరుంది. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అంటారు. మయాల్జిక్ ఎన్‌కెఫలోమైలైటిస్ అని మరో పేరు. రెండూ కలిపి ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అని రాస్తారు. ఫెటీగ్ అంటే అలసట. ఈ పిల్లలకు ఆ పేరు చేసిన అపకారం ఇంతా అంతా కాదు. ‘అలసటేగా, మాకు లేదా?’ అని ప్రతివాళ్లూ అంటారు. పొలంలో నాట్లు వేసొచ్చిన మనిషికి రాత్రి నిద్రపోతే తెల్లారేసరికి అలసట పోతుంది. ఈ పిల్లలకు పోదు. పైగా చేసిన పనికి శిక్ష అదే రోజు పడదు. ఒక్కోసారి మర్నాడో, రెండో రోజో పడుతుంది. చేసిన పని ఎంత చిన్నదైనా ఒళ్లంతా నొప్పులు, తల మొద్దుబారడం, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం వస్తాయి. అవి రోజుల తరబడి ఉంటాయి. ఈ జబ్బును గుర్తుపట్టడానికి ముఖ్యమైన ఆనవాలు ఇదే.

రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒక తల్లి మాతో అన్న మాట ఇది: ‘మొన్న మా ఆడపడుచు కూతురి నిఖాకు వచ్చింది సార్, అందరితో నవ్వుతూ తిరిగింది. జబ్బు మనిషి అంటే ఎవరు నమ్ముతారు?’ నిఖాలో చూసినవాళ్లు రెండొందల మంది. తర్వాత మూడు రోజులు తలుపు వేసుకుని చీకటి గదిలో పడి ఉన్నప్పుడు చూసింది ఆ తల్లి ఒక్కతే.

నమ్మకపోవడం మన ఊళ్లలోనే ఉందనుకోకండి. 1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో ఇలాంటి జబ్బు రెండు వందల మందికి పైగా సిబ్బందికి వచ్చి, ఆసుపత్రినే కొన్ని నెలలు మూయాల్సి వచ్చింది. మయాల్జిక్ ఎన్‌కెఫలోమైలైటిస్ అనే పేరు ఆ తరువాతే వాడుకలోకి వచ్చింది. పదిహేనేళ్లు గడిచాక, 1970లో, ఇద్దరు మానసిక వైద్యులు ఆ పాత కేసు కాగితాలు చదివి అదంతా సామూహిక హిస్టీరియా అని రాశారు. జబ్బుపడినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడలేదు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, నర్సులు. హిస్టీరియా అనే మాట అంత సులువుగా ఎందుకు అతికిందో మేము వేరే చెప్పనక్కరలేదు.

జ్వరం తర్వాత ఇది ఎంతమందికి వస్తుంది అని మీరు అడగవచ్చు. ఆస్ట్రేలియాలో డబ్బో అని ఒక పట్నం ఉంది, మన తెనాలిలాగే చుట్టూ సేద్యం ఉన్న ఊరు. అక్కడ మూడు రకాల జ్వరాలు వచ్చిన 253 మందిని జ్వరం మొదటి రోజుల నుంచీ గమనిస్తూ వచ్చారు. ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. ఆరు నెలలు తిరిగేసరికి వాళ్లలో సుమారు 11 శాతం మందికి ఈ జబ్బు లక్షణాలు నిలిచిపోయాయి. ఆ మూడింటిలో ఒకటి దోమకాటుతో వచ్చే రాస్ రివర్ జ్వరం, మన చికున్‌గున్యాకు దగ్గరి చుట్టం. ఎవరికి నిలిచిపోతుందనేది జ్వరం మొదట ఎంత తీవ్రంగా వచ్చిందనే దాన్నిబట్టి ఉందని, మనిషి మనస్తత్వాన్నిబట్టి కాదని తేలింది. ఆ శాతాన్ని తెచ్చి మన డెంగీకి, మన చికున్‌గున్యాకు నేరుగా అతికించడం సబబు కాదు. అయితే 2006లో చికున్‌గున్యా మన రాష్ట్రాన్ని ఊపేసినప్పుడు నెలల తరబడి లేవలేకపోయినవాళ్లు ఈ సభలోనే ఉంటారు. వాళ్లకు ఇది వింతగా తోచదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నీరసంగా ఉన్న ప్రతి పిల్లకూ ఈ జబ్బు అంటగట్టకూడదు. మన రాష్ట్రంలో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. కాబట్టి మొదట చూడాల్సింది రక్తం, ఐరన్ నిల్వ, థైరాయిడ్, షుగరు, బి12. నులిపురుగులున్నాయా, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా అన్నది అడగాలి. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, దగ్గు, మెడలో గడ్డలు, ఆయాసం, కీళ్ల వాపు ఉంటే ఒక్కరోజు కూడా ఆగకండి. అది టీబీ కావచ్చు, గుండె జబ్బు కావచ్చు, మరేదైనా కావచ్చు. దిగులు జబ్బు కూడా నీరసంగానే కనపడుతుంది. దిగులు జబ్బున్న పిల్లకు దేని మీదా ఆసక్తి ఉండదు. ఈ పిల్లలకు అన్నీ చేయాలని ఉంటుంది, చేస్తే ఒళ్లు పడగొడుతుంది. రెండూ కలిసి ఉండటమూ జరుగుతుంది. ఏళ్ల తరబడి ఎవరూ నమ్మకపోతే ఎవరికైనా దిగులు పుడుతుంది. పిల్ల నోట చచ్చిపోవాలనే మాట వస్తే వెంటనే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, డబ్బు కట్టనక్కరలేదు.

ఇంగ్లండులో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ అనే సంస్థ 2021లో ఈ జబ్బు మీద కొత్త మార్గదర్శకం తెచ్చింది. దాని ప్రకారం పిల్లల్లో ఈ లక్షణాలు నాలుగు వారాలు ఉంటే అనుమానించాలి, మూడు నెలలుంటే జబ్బు పేరు నిర్ధారించవచ్చు. నిర్ధారించాక పిల్లల కోసం ఉన్న ప్రత్యేక బృందానికి పంపాలి. అక్కడ బాత్ నగరం వంటి చోట్ల అలాంటి బృందాలు ఉన్నాయి. మనకు తెనాలిలో లేదు, బాపట్లలో లేదు, రేపల్లెలో లేదు.

అలాంటి ప్రత్యేక క్లినిక్కులో ఏం చేస్తారు? కోట్ల రూపాయల మిషనేదో ఉంటుందని చాలామంది అనుకుంటారు. లేదు. ఈ జబ్బును చూపించే రక్తపరీక్ష ఇంతవరకూ రాలేదు. నయం చేసే మందూ రాలేదు. అక్కడ ఉండేది తీరిక. పిల్లల డాక్టరు గంటసేపు కూర్చుని మొదటి నుంచీ వింటారు. మిగతా జబ్బులు లేవని పద్ధతిగా తేల్చుకుంటారు. పిల్లను పది నిమిషాలు నిలబెట్టి నాడి, బీపీ చూస్తారు. పన్నెండు నుంచి పంతొమ్మిదేళ్లవాళ్లకు, బీపీ పడిపోకుండానే నాడి నిమిషానికి 40 సార్లు, అంతకుమించి పెరిగితే నిలబడటమే వాళ్లకు పెద్ద పని అని అర్థం. అలాంటివాళ్లకు నీళ్లు, ఉప్పు, కొందరికి మందులు మేలు చేస్తాయి. ఉప్పు మాత్రం డాక్టరు చెప్పాకే పెంచాలి. ఇక నిద్రకు, నొప్పికి, కడుపు బాధకు దేని వైద్యం దానికి. ఈ పరీక్షకు కావలసింది ఒక గోడ, ఒక బీపీ మిషను, పది నిమిషాల ఓపిక. మొదటి రెండూ తెనాలిలో కొదవ లేదు.

ఆ తరువాత అసలు పని మొదలవుతుంది. పిల్లకు ఉన్న శక్తిని కొలిచి వాడుకోవడం నేర్పాలి. ఇంగ్లీషులో పేసింగ్ అంటారు. మన కాలవల భాషలో చెప్పుకుంటే తేలిక. రేపల్లె రైతుకు వంతులవారీ నీళ్ల సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కాలవలో నీళ్లు తక్కువగా ఉన్న ఏడు, పైవాళ్లు మొదటి రోజే మళ్లు నిండా పెట్టుకుంటే చివరి పొలాలు ఎండుతాయి. ఈ పిల్లలకు రోజూ వచ్చే నీళ్లు తక్కువ. కాస్త బాగున్న రోజున, పోయిన వారం పాఠాలన్నీ ఒక్క పూటలో చదివేద్దామని కూర్చుంటారు. మర్నాటికి కాలవ ఎండిపోతుంది. అందుకని రెండు వారాలు డైరీ రాయిస్తారు. ఎంతసేపు కూర్చున్నారు, ఎంతసేపు చదివారు, ఎవరితో మాట్లాడారు, స్నానం చేసిన రోజు ఎలా ఉంది, తర్వాతి రోజు ఎలా ఉంది అన్నీ రాయాలి. చదవడం, మాట్లాడటం, ఫోను చూడటం కూడా శక్తి ఖర్చే. ఆ డైరీ చూసి, పడిపోకుండా రోజూ చేయగలిగినంత ఎంతో తేలుస్తారు. బాగున్న రోజున కూడా ఆ గీత దాటనివ్వరు. కుదురుకున్నాకే, అదీ పిల్ల ఒప్పుకుంటేనే, కొద్దికొద్దిగా కదుపుతారు.

వ్యాయామం గురించి ఒక మాట చెప్పాలి. ‘రోజూ గ్రౌండు చుట్టూ పరుగెత్తించండి, అదే బలం వస్తుంది’ అని మనందరం అనే మాటే. మామూలు పిల్లలకు అది మంచి సలహా. ఈ పిల్లలకు వ్యాయామాన్ని వారం వారం ఇంతని లెక్కగా పెంచుకుంటూ పోయే పద్ధతిని 2007 నాటి ఇంగ్లండు మార్గదర్శకమే సిఫారసు చేసింది. 2021లో అదే సంస్థ ఆ పద్ధతి వద్దని రాసింది. మన ఫిజియోథెరపిస్టు మిత్రులు ఇది గమనించాలని ప్రత్యేకంగా కోరుతున్నాం.

మెల్బోర్న్‌లోని పిల్లల ఆసుపత్రి తన దగ్గరికి వచ్చిన 784 మందిని ఏళ్ల తరబడి వెంబడించి చూసిన వివరాలు 2019లో అచ్చయ్యాయి. ఈ ప్రసంగానికి మమ్మల్ని పురికొల్పింది అదే. ఐదేళ్లకు 38 శాతం, పదేళ్లకు 68 శాతం మంది తాము కోలుకున్నామని చెప్పారు. సుమారు 5 శాతం మంది తీవ్రంగానే ఉండిపోయారు. పెద్దవాళ్లకన్నా పిల్లలు కోలుకునే అవకాశం ఎక్కువ, కానీ వ్యవధి ఏళ్లలో ఉంటుంది. ఈ మాట తల్లిదండ్రులకు మొదటి రోజే చెప్పాలి, రెండు వారాల కోర్సుతో పోతుందని ఆశపెట్టకూడదు. ఆ పరిశీలనలో ఇంకొకటి తేలింది. పెద్దయ్యాక ఎవరు బాగా నిలదొక్కుకున్నారని చూస్తే, ప్రతిసారీ కనబడిన ఒకే ఒక్క అంశం ఏ రూపంలోనైనా చదువుతో సంబంధం తెగకుండా ఉండటం. వారానికి ఒక్క సబ్జెక్టయినా సరే, ఇంట్లో అయినా సరే.

ఇప్పుడు మన దగ్గర జరిగేది చూడండి. జబ్బుపడగానే మొదట తెగేది చదువే. తెల్లవారుజామున లేపి రాత్రి దాకా స్టడీ అవర్లు నడిపే రెసిడెన్షియల్ కాలేజీలో ఈ పిల్ల నెల కూడా ఉండలేదు. హాజరు తగ్గుతుంది, పరీక్షకు కూర్చోనివ్వరేమోనని భయం, ఫీజు పోయిందని గొడవ, టీసీ తెచ్చుకోవడం. అంతటితో సరి. ఆ పిల్లకు మాత్రలకన్నా ముందు కావలసింది కాలేజీకి ఒక ఉత్తరం. జబ్బు పేరు, ఎన్ని గంటలు రాగలదు, మెట్లెక్కే గది వద్దు, మధ్యలో పడుకోవడానికి చోటు కావాలి, హాజరు విషయంలో వైద్య కారణాలతో మినహాయింపు ఇవ్వండి అని డాక్టరు సంతకంతో రాయాలి. అదీ కుదరకపోతే మన రాష్ట్రంలో సార్వత్రిక విద్యాపీఠం ఉంది. అందులో పదో తరగతి, ఇంటర్ రెండూ చదవవచ్చు, సబ్జెక్టులు కొన్నికొన్నిగా పూర్తి చేసుకోవచ్చు. ఓపెన్ స్కూలంటే చదువు రానివాళ్లకని మన ఇళ్లలో ఒక చిన్నచూపు ఉంది. దాన్ని వదులుకోవాలి. మంచం మీద ఏడాది మొత్తం పోవడంకన్నా ఏడాదికి రెండు సబ్జెక్టులు పాసవడం ఎన్నో రెట్లు నయం.

రంజాన్ సంగతి కూడా ఈ సభలో చెప్పుకోవాలి, ఎందుకంటే పిల్లలు మాతో రహస్యంగా చెప్పుకునే బాధల్లో ఇదొకటి. ఇంట్లో అందరూ రోజా ఉంటే తాము తింటున్నామని సిగ్గుపడి, పట్టుదలగా ఉపవాసం ఉండి, వారం తిరిగేసరికి పూర్తిగా మంచాన పడతారు. సహరీకి లేవడంతో అసలే అంతంతమాత్రమైన నిద్ర చెడుతుంది, పగలు నీళ్లు లేక కళ్లు తిరగడం ఎక్కువవుతుంది. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. తర్వాత ఖజా తీర్చుకోవడమా, దీర్ఘరోగానికి ఫిదియా ఇవ్వడమా అన్నది ఉలమాలు చెప్పాలి, మేము చెప్పకూడదు. నిలబడలేనివాళ్లు కూర్చుని నమాజు చేయవచ్చని మనందరికీ తెలుసు. అది ముసలివాళ్లకే అన్నట్టు చూస్తాం, పదహారేళ్ల కుర్రాడు కుర్చీలో కూర్చుంటే వెనక్కి తిరిగి మరీ చూస్తాం. మసీదు కమిటీల పెద్దలు, మౌల్వీ సాబులు ఒక జుమా రోజున ఈ మాట చెబితే మా చీటీలకన్నా ఎక్కువ పనిచేస్తుంది.

ఇక మేము సంస్థను కోరేది. నెలకు ఒక ఆదివారం ఉదయం, తెనాలిలో, నలుగురంటే నలుగురు పిల్లల కోసం ఒక క్లినిక్. పిల్లల డాక్టరు, ఒక ఫిజీషియన్, ఫిజియోథెరపిస్టు, కౌన్సెలర్. మన శిబిరాల్లో ఒక్క పూటలో రెండొందల మందిని చూసి గర్వంగా చెప్పుకుంటాం. షుగరు చూడటానికి ఆ పద్ధతి సరిపోతుంది. ఈ పిల్లలు ఆ క్యూలో నిలబడితే వారం రోజులు లేవరు. నలుగురినే చూశారా అని వచ్చే ఏడు ఈ సభలో ఎవరూ అడగవద్దని ముందే మనవి.

తెనాలి ఎందుకని బాపట్ల సోదరులు అడిగారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక తెనాలి గుంటూరు జిల్లాలో ఉండిపోయింది, బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. అయినా రేపల్లె రైలు వచ్చి కలిసేది తెనాలిలోనే, బాపట్ల నుంచి వచ్చే మెయిన్ లైనూ తెనాలి మీదుగానే. అలాగని ప్రతిసారీ రమ్మనం. రేపల్లె నుంచి ఒక ప్రయాణం అంటే ఈ పిల్లకు మూడు నాలుగు రోజుల శక్తి ఖర్చు. మొదట ఒకసారి నేరుగా చూస్తే, మిగతా నెలల్లో ఫోనులో చాలావరకు నడుస్తుంది. బొత్తిగా లేవలేనివాళ్ల ఇంటికి మేమే వెళ్తాం. పెద్ద పరీక్షలు కావాలంటే గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. అక్కడికి ఒక్కసారి, ఒకే పని మీద, పూర్తి కాగితాలతో పంపాలి. ఇప్పుడు జరుగుతున్నట్టు ఒకే పరీక్షను నాలుగు చోట్ల నాలుగుసార్లు చేయించడం ఆగాలి.

డబ్బు సంగతి. ఆసుపత్రిలో చేరే చికిత్సలకు ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ఈ జబ్బు ఖర్చు ఎక్కువగా ఓపీ ఫీజులు, పరీక్షలు, ఆటో కిరాయిలు, తోడుగా వచ్చిన తల్లి పోగొట్టుకున్న కూలి రూపంలో పోతుంది. బీద కుటుంబాలకు ఇందులో జకాత్ సొమ్ము ఎంతవరకు వాడవచ్చో నిర్ణయించమని సంస్థ పెద్దలను కోరుతున్నాం. కార్డు లేని, కులం వేరైన, మతం వేరైన పిల్లలకు మామూలు విరాళాల నుంచి ఇవ్వాలి. ఈ క్లినిక్కులో తలుపు దగ్గర ఎవరి పేరూ అడగకూడదన్నది మా కోరిక.

బయట నమోదు బల్ల దగ్గర డైరీ కాగితాలు పెట్టాం, తెలుగులోనూ ఉర్దూలోనూ ఉన్నాయి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఇలాంటి పిల్లలుంటే ఒకటి తీసుకెళ్లండి, ఫోన్ నంబరు రాసి వెళ్లండి. మొదటి మాటకు పిల్లను వెంటబెట్టుకుని రానక్కరలేదు. పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో వేసుకుని తల్లో తండ్రో వస్తే చాలు.